చేతుల దగ్గరే ఆగిన పొక్కులు

రెండేళ్ల కింద పార్లర్ పని మానేశాను. కనుబొమ్మల దారం పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, గంటసేపు నిలబడితే మడమలు లాగుతున్నాయి. ఇంట్లో ఊరికే ఉంటున్నాను కదా అని, కోరుట్లలో బ్యూటీషియన్ పని నేర్పే ఒక చోటికి పిలిచి అమ్మాయిలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. వ్యాక్సింగ్ తర్వాత చర్మం మీద పొక్కులు రాకుండా ఏం చేయాలి, వస్తే ఏం చేయాలి అన్నది నాకిచ్చిన విషయం. తెలిసింది చెప్పాను. వాళ్లు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. చివర్లో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "మేడం, మీ చేతిల ఎవలికన్న ఖరాబైందా?" అని అడిగింది.

అయింది అన్నాను. ఎట్లా అయిందో చెప్పడం మొదలుపెట్టేలోపే బస్సుకు టైమైందని సగం మంది లేచారు. నాకూ అప్పటికే ఓపిక అయిపోయింది. అమ్మా, నువ్వు అడిగినదానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నాది సిరిసిల్ల. మా నాన్నవి నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉండేవి. ఆ చప్పుడులో పెరిగినదాన్ని కాబట్టి ఇప్పటికీ గట్టిగా మాట్లాడతాను. పెళ్లయి జగిత్యాల వచ్చాక పని నేర్చుకుని, బస్టాండుకు దగ్గర్లో చెప్పుల దుకాణం పైన ఉన్న ఒక పార్లర్‌లో చేరాను. అక్కడ ముగ్గురం ఉండేవాళ్లం. ఓనరు మేడం, నేను, నాకంటే పదేళ్లు పెద్దదైన ఒక అక్క. అక్క చర్చికి పోయే మనిషి. తక్కువ మాట్లాడేది. దారంతో కనుబొమ్మలు తీయడంలో ఆమెను మించినవాళ్లు మా బజార్లో లేరు. వ్యాక్సింగ్ నాది. రెండు చేతులు పావుగంటలో పూర్తి చేస్తానని నాకు పేరు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఆ ఇష్టమే తర్వాత నన్ను ముంచింది.

తెలంగాణ ఉద్యమం బాగా ముదిరిన రోజులవి. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో. తర్వాత ఆఫీసులు, బస్సులు అన్నీ సమ్మెలోకి వెళ్లాయి. మేమూ ర్యాలీలకు పోయాం. మేడం కూడా ఒకరోజు షట్టరు దించి, మంచి చీర కట్టుకుని మాతో పాటు రోడ్డు మీద కూర్చుంది. ఉద్యమం మాదే, కష్టమూ మాదే అన్నట్టుండేది. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. హైదరాబాదు నుంచి సామాను రావడం ఆగిపోయింది. వ్యాక్స్ డబ్బాలు అయిపోయి అప్పటికి వారమైంది.

అలాంటి ఒక సోమవారం తల్లీ కూతురూ మెట్లెక్కి వచ్చారు. కోరుట్ల దారిలో ఒక ఊరు వాళ్లది. వ్యవసాయం చేసుకునే కుటుంబం. బస్సులు లేక, పన్నెండు మంది ఎక్కిన ఆటోలో నలిగి వచ్చారు. పిల్ల డిగ్రీ అయిపోయింది, శుక్రవారం పెళ్లి. పెళ్లికొడుకు దుబాయ్‌లో పనిచేస్తాడు. సెలవు మీద వచ్చాడు, పెళ్లయిన ఎనిమిదో రోజు తిరిగి విమానం ఎక్కాలి.

"చేతులు సాపు చెయ్యాలె బిడ్డా. గాజులు తొడిగేటోళ్లు బుధవారం వస్తరు. అటుదిక్కు ఆడోళ్లంత చూస్తరు," అంది తల్లి.

మేడం ఆ రోజు లేదు. కరీంనగర్‌లో వాళ్లమ్మకు బాగాలేక వెళ్లింది. ఫోన్ చేస్తే, "ఉన్నదాంతోని ఎల్లదియ్యి. పెండ్లి పార్టీని వాపస్ పంపకు," అంది.

ఉన్నది అంటే ఏమిటో నాకు తెలుసు. అంతకుముందు వాళ్లకీ వీళ్లకీ చేసినప్పుడు పట్టీలకు అంటుకున్న వ్యాక్స్‌ను గీకి ఒక పాత డబ్బాలో వేసి ఉంచాం. పారేయాల్సింది. సామాను దొరకని రోజులు కదా, ఎందుకైనా పనికొస్తుందని అట్టే పెట్టాం. దాన్ని గ్యాస్ పొయ్యి మీద కరిగించి, పలుచటి గుడ్డలో వడకట్టాను. వెంట్రుకలు పోయాయి. కంటికి శుభ్రంగా, తేనెలాగే కనిపించింది.

అక్క పక్కన నిలబడి చూస్తోంది. "గది వద్దు," అంది మెల్లగా. "పిల్లను ఇంకో దినం రమ్మను. మెట్‌పల్లిల మా చుట్టాలామెకు దుకాణముంది. ఆమెను కొత్త డబ్బ అడుగుత."

"రేపు బంద్ ఉన్నది. ఎల్లుండి ఏమైతదో ఎవలకెరుక," అన్నాను. "వేడికి అన్ని సచ్చిపోతయి తియ్యి."

వేడికి ఏవీ చావలేదు. ఆ కాస్త వేడి చర్మం తట్టుకునే వేడే, మురికీ తట్టుకునే వేడే. అది నాకు తెలియక కాదు. అప్పటికి ఆ పనిలో నాకు పన్నెండేళ్ల అనుభవం. ఇప్పుడు చదువుతున్న మీకు చెప్పేది ఒక్కటే. నేను తెలియక చేసిన తప్పులు నాకు గుర్తు లేవు. తెలిసి చేసినది ఇదొకటి మాత్రం మరిచిపోలేదు.

వేడి సరిపోయిందో లేదో చూడటానికి ఎప్పుడూ అక్క ముంజేతి మీద ఒక చుక్క పెట్టి లాగేదాన్ని. నా చేతుల మీద పాత కాలిన మచ్చలుండి స్పర్శ సరిగా తెలిసేది కాదు. ఆ రోజూ చెయ్యి చాపమన్నాను. అక్క చాపింది. చుక్క పెట్టి లాగాను. సరే అన్నట్టు తల ఊపింది.

ఇంకో తప్పు కూడా చేశాను. పిల్ల చేతులు చెమటతో, దుమ్ముతో ఉన్నాయి. కరెంటు లేక పైన ట్యాంకు ఎండిపోయింది. కడిగించలేదు. తడిగుడ్డతో ఒకసారి తుడిచి, పౌడరు చల్లి మొదలుపెట్టాను. పావుగంటలో అయిపోయింది. పిల్ల చేతులు ఎర్రబడ్డాయి. చల్లటి నీళ్ల గుడ్డ వేయాలంటే నీళ్లు లేవు. "గిది మామూలే, రాత్రికి తగ్గుతది," అన్నాను. ఇంటికెళ్లాక నూనె, పసుపు పెట్టొద్దని, చేతులు బిగించి పట్టే జాకెట్టు వేయొద్దని చెప్పాలి. చెప్పలేదు. ఆటో వాడు కింద హారన్ కొడుతున్నాడు, తల్లి తొందరపడుతోంది. వాళ్లు వెళ్లిపోయాక నేను హాయిగా కూర్చుని నీళ్ల సీసాలో మిగిలిన గుక్కెడు తాగాను.

బుధవారం పొద్దున తల్లి ఫోన్ చేసింది. సోమవారం సాయంత్రమే పిల్లకు నువ్వుల నూనె, పసుపు పెట్టి నలుగు పెట్టారట. మంగళవారం దురద మొదలైంది. తెల్లారేసరికి రెండు చేతుల నిండా ఎర్రటి పొక్కులు, వాటి మొనల మీద తెల్లటి చీము.

మేడం అప్పటికి తిరిగొచ్చింది. ఫోన్ నా చేతిలో ఉండగానే, "మనది అనకు. వేడి చేసిందని చెప్పు," అని సైగ చేసింది.

"వేడి చేసింది అవ్వా. సల్ల తాగిపియ్యుండ్రి, సబ్జ గింజలు నానబెట్టి ఇయ్యుండ్రి," అన్నాను. నా నోటితో నేనే అన్నాను. మేడం చెప్పింది అనేది సాకే.

మధ్యాహ్నం మళ్లీ ఫోన్. ఈసారి తల్లి గొంతు మారిపోయింది. గాజులు తొడగడానికి పెళ్లికొడుకు పెద్దమ్మ, మరో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. జాకెట్టు చెయ్యి పైకి జరపగానే పొక్కులు చూసి, పెద్దమ్మ తెచ్చిన గాజుల మలారాన్ని తిరిగి మూట కట్టేసింది. అమ్మవారు పోసింది, ఆ దేవత ఇంట్లో ఉండగా లగ్గం చేయకూడదు అంది. ఇంకొకామె అది అమ్మవారు కాదు, చర్మం జబ్బు, ముందే ఉండి ఉంటుంది, దాచి చేస్తున్నారు అంది. రేపు పెద్దమనుషులతో వచ్చి మాట్లాడతామని వెళ్లిపోయారు.

"పిలగాడు పోతే మళ్ల రెండేండ్లకే వచ్చుడు బిడ్డా. జబ్బున్న పిల్ల అని పేరు పడితే ఇంక ఎవలు చేసుకుంటరు?" అంది తల్లి. ఆమె నన్ను తిట్టలేదు. నా తప్పు అని ఆమెకు ఇంకా తెలియదు. సలహా అడగడానికి చేసింది.

నేను ఫోన్ పెట్టేసి నిలబడ్డాను. అక్క దారం పక్కన పెట్టి వచ్చి తన ముంజేయి నా ముందు పెట్టింది. నేను చుక్క వేసి లాగిన చోట, రూపాయి బిళ్లంత మేర, ఐదారు పొక్కులు. ఆ చుట్టూ చర్మం మామూలుగానే ఉంది.

"గిది నాకు గూడ అమ్మవారేనా?" అంది.

మేడంకు చూపించాం. వాళ్ల ఊరికి పోయి నిజం చెప్పి వస్తామన్నాం. ఆమె చెడ్డ మనిషి కాదు. భర్త చనిపోయాక ఒక్కతే ఆ దుకాణాన్ని నిలబెట్టుకుంది. "మీరు పోయి చెప్తే రేపటి సంది మెట్లెక్కేటోళ్లు ఉండరు. గది తెలుసుకొని పోండ్రి," అంది. పొమ్మనలేదు, వద్దనలేదు.

గురువారం బంద్. పాల వ్యాన్లను ఆపరని, ఒక పాల వ్యాను డ్రైవరును బతిమాలి ఇద్దరం ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. సగం దారిలో చౌరస్తా దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. ఊరంతా రోడ్డు మీదే ఉంది. వ్యాను ముందుకు పోనివ్వలేదు. దిగి నడిచాం. ఎర్రటి కండువా మెడలో వేసుకున్న ఒక సారు ఆపి, ఎక్కడికి అన్నాడు. సమ్మెలో ఉన్న బడి పంతులు. పెళ్లిపిల్లకు బాగాలేదు, చూడటానికి పోతున్నాం అన్నాను.

"డాక్టర్లా?"

"కాదు. మేమే ఖరాబ్ జేసినం," అంది అక్క.

ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, ఒక బండి అబ్బాయిని పిలిచి దింపి రమ్మన్నాడు. పోయే ముందు ఆకులో ఇంత అన్నం, పప్పు పెట్టించాడు. నేను రెండు ముద్దలు తిని ఆకు పక్కన పెట్టాను. అక్క తన ఆకు ఖాళీ చేసి, నా ఆకులోదీ తినేసింది. ఆ ఇంట్లో మనకు ఎవరూ పెట్టరు, ఇక్కడే తిని పోవాలి అంది.

పెళ్లి ఇంటి ముందు పందిరి వేసి ఉంది. పందిరి కింద రెండు దిక్కుల పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చున్నారు. పెళ్లికొడుకు పెద్దమ్మ గడప దగ్గర పీట మీద కూర్చుంది. నల్లగా, సన్నగా, గట్టి మనిషి. పిల్లను లోపల గదిలో చాప మీద కూర్చోబెట్టి, గుమ్మానికి వేపమండలు కట్టేశారు. అంటే ఆ ఇంటివాళ్లు కూడా సగం నమ్మేశారు.

దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. నిలబడి ఒక్కసారే చెప్పేశాను. "గిది అమ్మవారు కాదు. పిల్లకు ఏ జబ్బు లేదు. నేను సోమవారం చేతులకు వ్యాక్సింగ్ చేసిన. కొత్తది దొరకక ఒకసారి వాడిన దాన్నే మళ్ల కరగబెట్టి వాడిన. చేతులు గూడ కడగలే. గందుకే అయినయి. తప్పు నాది."

తల్లి నన్నే చూస్తోంది. బుధవారం పొద్దున నేను చెప్పిన సబ్జ గింజల మాట ఆమె ముఖంలో కనిపించింది.

పెద్దమ్మ అంది, "లగ్గం ఆగుతుందని పిల్ల తల్లి నిన్ను పిలిపిచ్చి చెప్పిస్తున్నదా?"

అక్క ముందుకు వెళ్లి, ఆమె పీట పక్కన నేల మీద కూర్చుని చెయ్యి చూపించింది. "గా దినం గదే వ్యాక్స్ నాకు గింతంత పెట్టి చూసింది. పెట్టిన కాడనే అయినయి. పక్కకు ఒక్కటి లేదు. పిల్ల చేతులు చూడుండ్రి. ఎక్కడిదాకా చేసిందో గక్కడనే ఆగి ఉంటయి."

పెద్దమ్మ లేచింది. లోపలికి వెళ్లి పిల్ల జాకెట్టు చేతులు భుజం దాకా ఎత్తించింది. మేమూ వెనకాలే వెళ్లాం. మోచేతికి నాలుగు వేళ్ల పైన గీత గీసినట్టు పొక్కులు ఆగిపోయాయి. ఆపైన చర్మం నున్నగా ఉంది. అదే ఊళ్లో ఉండే నర్సమ్మను పిలిపించారు. ఆమె కూడా సమ్మెలో ఉంది, ఇంట్లో చీరతోనే వచ్చింది. జ్వరం చూసింది, లేదు. వీపు, కడుపు, నెత్తి, నోట్లో అన్నీ చూసింది. ఎక్కడా ఏమీ లేదు.

"అమ్మవారైతే చేతుల కాడనే ఆగుతదా పెద్దమ్మా?" అంది నర్సమ్మ. "వెంట్రుక కుదుర్లల్ల చీము పట్టింది. గంతే."

నర్సమ్మ తనకు తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి, ఏ పూతమందు వాడాలో కనుక్కుంది. మందుల షాపు ఆయన సగం షట్టరు ఎత్తి ఆ మందు ఇచ్చాడు. పసుపు, నూనె మొత్తం మామూలు సబ్బుతో, చల్లటి నీళ్లతో మెత్తగా కడిగాం. రుద్దలేదు. బావి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డలు వేసి, వెచ్చబడగానే మార్చాం. పొక్కులు గిల్లొద్దని, పిండొద్దని పిల్లకు పదిసార్లు చెప్పాం. పట్టు జాకెట్టు బదులు వదులైన నూలు జాకెట్టు వేశాం. ఇవన్నీ సోమవారమే చేయాల్సినవి. చేసి ఉంటే, శుభ్రమైన వ్యాక్స్ వాడి ఉంటే, నేను ఆ చాప మీద కూర్చునేదాన్ని కాదు.

గుడ్డలు మారుస్తుంటే పిల్ల మొదటిసారి నాతో మాట్లాడింది. కోపంగా కాదు, నీరసంగా.

"పాతదని నాకు చెప్తే వద్దంటుంటి గద అక్కా. వెంట్రుకలున్నా లగ్గమైతుండె."

మేడంకు ఫోన్ చేశాను, అక్కతో వాదించాను, గ్యాస్ పొయ్యి వెలిగించాను, గుడ్డలో వడకట్టాను. చర్మం ఎవరిదో ఆ మనిషిని మాత్రం అడగలేదు. ఎదురుగా కుర్చీలోనే కూర్చుని ఉంది.

పెద్దమ్మ గుమ్మానికి కట్టిన వేపమండలు తనే తీసేసింది. కాసేపయ్యాక వచ్చి నా చేతిలోని గుడ్డ లాక్కుని, "నువ్వు లే. నేనేస్త," అంది. చీకటి పడేదాకా ఆమే మార్చింది. గాజుల సంగతి వస్తే, చేతి నిండా వద్దు, మట్టి గాజులు రెండేసి చాలు, మిగతావి మా ఇంటికొచ్చినంక తొడుగుత అని తీర్పు చెప్పేసింది. పెద్దమనుషులు తల ఊపి లేచారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

శుక్రవారం పెళ్లి జరిగింది. మేం వెళ్లలేదు. ఎరుపు తగ్గింది కానీ పొక్కులు అప్పటికి మానలేదని, ఫొటోల్లో పిల్ల చేతుల మీద కొంగు కప్పుకుని కూర్చుందని తర్వాత విన్నాను. పెళ్లయ్యాక మానడానికి ఇంకో పది రోజులు పట్టిందట. అంటే పెళ్లికొడుకు విమానం ఎక్కాక. మచ్చలు ఇంకొన్ని నెలలు ఉన్నాయట.

మేడం చెప్పినట్టే అయింది. కోరుట్ల దారి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఆగిపోయారు. బజార్లో కొత్త కథలు పుట్టాయి. ఒకదాంట్లో నేను పిల్ల చేతులు కాల్చేశాను, ఇంకోదాంట్లో ఆ పిల్లకు కుష్ఠు ఉంటే నేను కప్పిపుచ్చాను. మేడం నన్ను తీసేయలేదు. నెల రోజులు నాతో మాట్లాడలేదు, ఆ పాత డబ్బాను మాత్రం తనే కిందకు తీసుకెళ్లి పారేసింది. ఆ తర్వాత మా దుకాణంలో కొత్త డబ్బా లేకపోతే లేదనే చెప్పేవాళ్లం. వ్యాక్స్ పూసే కత్తి ఒకసారి చర్మానికి తగిలితే దాన్ని మళ్లీ డబ్బాలో ముంచేవాళ్లం కాదు. పావుగంట పని నలభై నిమిషాలైంది. నా పేరు పోయింది. దానికి నేను పెద్దగా బాధపడలేదు. నిజానికి కొంచెం తేలికైంది. వేగంగా చేసే మనిషిగా ఉండటంలోనూ ఒక అలసట ఉంటుంది.

అక్కను ఒకరోజు అడిగాను, నాతో ఎందుకు వచ్చావు, నీ తప్పేం లేదు కదా అని. "నువ్వొక్కదానివి చెప్తే నమ్మకపోదురు," అంది. అంతే.

ఏడాదిన్నర తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మెట్లెక్కి వచ్చింది. చంకలో చంటిపాప. నేను లేచి నిలబడ్డాను. బాగున్నావా అక్కా అని అడిగింది, నవ్వింది కూడా. పెద్దమ్మ ఆరోగ్యం, భర్త పంపిన ఫొటోలు, పాపకు వచ్చిన పళ్లు అన్నీ చెప్పింది. కనుబొమ్మలు తీయించుకుని, చేతులకు వ్యాక్సింగ్ చేయించుకోవాలి అంది. నేను కొత్త డబ్బా మూత తీయబోయాను.

"నువ్వు కాదక్కా," అంది మెత్తగా, ఏ కోపమూ లేకుండా. "పెద్దక్కతోని చేయించుకుంట."

అక్కకు వ్యాక్సింగ్ అలవాటు లేదు. తడబడుతూ, గంటకు పైగా చేసింది. అంతసేపూ నేను పాపను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను.